యంత్రపఠనం – యోగ్యతాపరీక్ష

ఒక పదసముదాయం వాక్యం అనిపించుకోవాలంటే దానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు లక్షణాలు ఉండాలని ప్రాచీన భారతీయ శాస్త్రకారులు నిర్ణయించారు. "ఆవు, గుఱ్ఱం, మనిషి, ఏనుగు" అని వరుసగా పలికితే అది వాక్యం కాదు. అక్కడ ఒక పదం మరొక పదాన్ని కోరడం లేదు, ఆకాంక్ష లోపించింది. ఉదయం "నీళ్ళు" అని, సాయంత్రం "తెమ్ము" అని అంటే సన్నిధి లోపించింది. "తోటమాలి నిప్పుతో మొక్కలను తడిపాడు" అన్నప్పుడు మాత్రం చిక్కు వేరు. కర్త ఉన్నాడు, కర్మ ఉంది, క్రియ ఉంది, విభక్తులు కుదురుగానే ఉన్నాయి. వ్యాకరణరీత్యా దోషం వెదకబోతే దొరకదు. అయినా తడిపే యోగ్యత నిప్పుకు లేదు కనుక దానిని సరైన వాక్యంగా శాస్త్రకారులు అంగీకరించలేదు.

కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే పత్రాల విషయంలోనూ సరిగా ఇట్టి భేదమే ఉన్నది. వచ్చిన పత్రాన్ని చదవడం సాధ్యమా అనేది మొదటి ప్రశ్న. చదివిన పత్రంలో ఉండవలసినవి ఉండవలసిన రీతిలో ఉన్నాయా అనేది రెండవ ప్రశ్న. మొదటిదానికి సమాధానం చెప్పే ప్రక్రియను పార్సింగ్ అంటారు. రెండవదానికి సమాధానం చెప్పేది స్కీమా వ్యాలిడేషన్, అనగా నియమపత్రంతో పోల్చి చూడడం. ఈ రెండింటినీ ఒకటిగా భావించి, చదవగలిగిన పత్రమల్లా సరైనదే అనుకోవడం ప్రోగ్రాములు వ్రాసేవారిలో తరచుగా కనిపించే పొరపాటు. దాని ఫలితం మాత్రం ప్రోగ్రాము వ్రాసినవారి మీద కాక, ఆ పత్రంలో పేరున్న మనుషుల మీద పడుతుంది.

ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998 ఫిబ్రవరి 10న ప్రమాణంగా ప్రకటించింది. అంతకు ముందు 1986లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఎస్‌జీఎంఎల్ దీనికి మాతృక. తల్లి శక్తి గలదే గాని మిక్కిలి జటిలమైనది. బిడ్డను సరళంగా తీర్చిదిద్దారు. ఇందులో ప్రతి సమాచారానికీ ముందొక ప్రారంభపు ట్యాగు, వెనుకొక ముగింపు ట్యాగు ఉంటాయి. ట్యాగుల పేర్లను వ్రాసేవారే పెట్టుకోవచ్చు. ఆ పేర్లు ఆంగ్లంలోనే ఉండాలన్న నిర్బంధం లేదు. తెలుగు అక్షరాలతో ట్యాగులు వ్రాయడానికి 1998 నాటి తొలి ప్రమాణమే అవకాశమిచ్చింది. ఒక కళాశాల తన విద్యార్థిని వివరాలను ఇలా వ్రాసిందనుకుందాం.

<విద్యార్థి>
<పేరు>సుజాత</పేరు>
<పుట్టినతేదీ>2008-02-30</పుట్టినతేదీ>
<మార్కులు>తొంభైరెండు</మార్కులు>
</విద్యార్థి>

దీనిని చదివే సాధనం పేరు పార్సరు. దానికి అందేది నిజానికి ఒక పొడవైన అక్షరాల వరుస మాత్రమే. ఆ వరుసలో ఎక్కడ ట్యాగు మొదలయినది, ఎక్కడ ముగిసినది, ఏ అంశం ఏ అంశం కడుపులో ఉన్నది అని పార్సరు విడదీస్తుంది. అలా విడదీసి, వేరు నుండి కొమ్మలు చీలినట్లుగా ఒక వృక్షాన్ని నిర్మిస్తుంది. 'విద్యార్థి' వేరు, 'పేరు', 'పుట్టినతేదీ', 'మార్కులు' దాని కొమ్మలు. ఈ నిర్మాణం కుదరాలంటే పత్రం కొన్ని నియమాలను పాటించాలి. పత్రమంతటికీ వేరు ఒక్కటే ఉండాలి. తెరచిన ట్యాగును మూసి తీరాలి. చివర తెరచినదానిని ముందుగా మూయాలి. ఒకదానిలో ఒకటి అమర్చిన గిన్నెలను పైనుండి తీయవలసి వచ్చినట్లే. ఇట్టి పత్రాన్ని సుగఠితమైన పత్రం అనవచ్చు.

సుగఠితం కాని పత్రాన్ని ఏం చేయాలి? ఇక్కడ ఎక్స్‌ఎంఎల్ రూపకర్తలు కఠినమైన నిర్ణయం తీసుకున్నారు. ఆకృతిలో దోషం ఒక్కటి కనబడినా పార్సరు ఆ విషయాన్ని తెలిపి, అక్కడితో మామూలు పఠనాన్ని ఆపివేయాలి. దోషాన్ని తానే సవరించుకొని ముందుకు సాగడానికి వీలులేదు. వెబ్ పుటలు వ్రాసే హెచ్‌టీఎంఎల్ సంప్రదాయం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ మూయని ట్యాగులు ఎన్ని ఉన్నా బ్రౌజరు ఏదో ఊహించి పుటను చూపుతుంది. కఠినత్వం మొదట క్రూరంగానే తోస్తుంది. కాని, వార్తలు చదివే పాఠకునికి ఒక పేరా కాస్త పక్కకు జరిగితే నష్టం లేదు. బ్యాంకు ఖాతాలోని మొత్తాన్ని యంత్రం ఊహించి సవరిస్తే నష్టమే. అందుచేత ఆ నిర్ణయం న్యాయమైనదే.

తెలుగులో వ్రాసిన పత్రాలకు పార్సరు దగ్గర ఎదురయ్యే విచిత్రమైన ఇబ్బంది ఒకటి ఉన్నది. తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు అక్షరం తరువాతి అక్షరానికి ఒత్తుగా మారకుండా ఉండడానికి కంటికి కనబడని ఒక గుర్తును వాడతారు. కొన్ని కీబోర్డులు పదం చివరి పొల్లు వెనుక కూడా దీనిని చేరుస్తాయి. 'కాలేజ్' అనే పదం ఆ గుర్తుతోను, గుర్తు లేకుండాను తెర మీద ఒకేలా కనిపిస్తుంది. ప్రారంభపు ట్యాగులో ఆ గుర్తు ఉండి, ముగింపు ట్యాగులో లేకపోతే మనిషి కంటికి రెండూ ఒకటే. పార్సరుకు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. ట్యాగును మూయలేదని అది పత్రాన్ని తిరస్కరిస్తుంది. దోషం ఎక్కడున్నదో గంటల తరబడి వెదికినా కనబడదు. పైగా 2008 నాటి ఐదవ కూర్పు వరకు ఆ గుర్తును ట్యాగు పేరులో వాడడానికి అసలు అనుమతే లేదు. దుకాణాల పేర్లలో తరచుగా కనిపించే & గుర్తు మరొక చిక్కు. ఎక్స్‌ఎంఎల్‌లో దానికి ప్రత్యేకార్థం ఉన్నది. కనుక దానిని నిర్ణీత సంకేతరూపంలో వ్రాయాలే గాని, "అన్నదమ్ములు & కంపెనీ" అని ఉన్నదున్నట్లు వ్రాస్తే పఠనం అక్కడే నిలిచిపోతుంది.

పైన చూపిన సుజాత వివరాలలో ఇట్టి దోషమేదీ లేదు. ట్యాగులు సక్రమంగా తెరచి మూసినవే. పార్సరు దానిని ఏ అభ్యంతరమూ లేకుండా చదువుతుంది. కాని ఫిబ్రవరి నెలకు 30వ తేదీ ఎక్కడిది? లెక్క వేయవలసిన మార్కులను అక్షరాలలో వ్రాస్తే కూడేదెట్లా? నిప్పుతో మొక్కలను తడిపిన తోటమాలి ఇక్కడ మళ్ళీ ఎదురవుతాడు. 'పుట్టినతేదీ' అనే ట్యాగుకు అర్థం పార్సరుకు తెలియదు. దానికి అదొక పేరు. లోపల ఉన్నది కొన్ని అక్షరాలు. తేదీ అని పేరున్నంత మాత్రాన లోపల తేదీయే ఉండాలని ఎవరూ దానికి చెప్పలేదు.

ఆ చెప్పవలసిన మాటలను చెప్పేదే స్కీమా. ఏ అంశంలో ఏయే ఉపాంశాలు ఉండాలి, ఏ క్రమంలో ఉండాలి, కనీసం ఎన్నిసార్లు, గరిష్ఠంగా ఎన్నిసార్లు రావచ్చు, ఒక్కొక్కదానిలో ఎట్టి విలువ ఉండాలి అనే నిబంధనలన్నీ అందులో వ్రాసి ఉంచుతారు. 'విద్యార్థి'కి 'పేరు' తప్పనిసరి అనడం ఆకాంక్షకు సంబంధించిన నిబంధన. 'మార్కులు' అంటే 0 నుండి 100 లోపు పూర్ణసంఖ్య అనడం యోగ్యతకు సంబంధించిన నిబంధన. పోలిక ఇంతవరకే, దీనిని ఇంకా లాగితే తెగుతుంది. వచ్చిన పత్రాన్ని ఈ నియమపత్రంతో పోల్చి చూచే సాధనాన్ని వ్యాలిడేటరు అంటారు. సుజాత పత్రంలోని తేదీని, మార్కులను అది రెండింటినీ పట్టుకుంటుంది.

తొలినాళ్ళలో ఈ పనికి ఎస్‌జీఎంఎల్ నుండి సంక్రమించిన డీటీడీ అనే పద్ధతి ఉండేది. ఏ అంశంలో ఏ అంశం ఉండాలో అది చెప్పగలదు గాని, ఇది సంఖ్య, ఇది తేదీ అని చెప్పలేదు. ఆ కొరత తీర్చడానికి 2001 మేలో ఎక్స్‌ఎంఎల్ స్కీమా ప్రమాణం వెలువడింది. అదే ఏడు జేమ్స్ క్లార్క్, మురాటా మకోటో కలిసి రిలాక్స్ ఎన్‌జీ అనే మరొక సరళమైన పద్ధతిని రూపొందించారు. అందచందాలలో రెండవదే మిన్న అనేవారు ఉన్నారు. వాడుకలో మాత్రం మొదటిదే వ్యాపించింది.

స్కీమా వ్రాయడం సులభమని అనుకోరాదు. ఆరంకెల పిన్‌కోడును ఉదాహరణగా తీసుకొంటే ఈ సంగతి తేటపడుతుంది. ఎక్స్‌ఎంఎల్ స్కీమాలో "ఏదైనా ఒక అంకె" అని సూచించే గుర్తు ఒకటి ఉన్నది. దానిని ఆరుసార్లు రావలసినదిగా నిర్దేశిస్తే పిన్‌కోడుకు నియమం ఏర్పడినట్లే అనిపిస్తుంది. కాని ఆ గుర్తు దృష్టిలో ప్రపంచంలోని అన్ని లిపుల అంకెలూ అంకెలే. 500001 అని వ్రాసినా, తెలుగు అంకెలలో ౫౦౦౦౦౧ అని వ్రాసినా వ్యాలిడేటరు సమ్మతిస్తుంది. తరువాత ఆ విలువను అందుకొనే ప్రోగ్రాముకు తెలుగు అంకెలు అర్థం కాకపోతే ఉత్తరం చేరవలసిన చోటికి చేరదు. అదే స్కీమాలో పూర్ణసంఖ్య అనే రకాన్ని ఎంచుకొంటే తెలుగు అంకెలు చెల్లవు; 0 నుండి 9 వరకు గల అంతర్జాతీయ అంకెలే చెల్లుతాయి. ఒకే నియమావళిలో రెండు చోట్ల రెండు తీర్పులు! తెలిసినవారు అందుచేత "0 నుండి 9 వరకు" అని విడమరచి వ్రాస్తారు.

పాత తెలుగు ఫాంట్ల సమస్యకు స్కీమా చక్కని పరిష్కారం. డీటీపీ కేంద్రాలలో విస్తృతంగా వాడిన అను ఫాంట్ల వంటి వాటిలో కంటికి తెలుగు కనబడినా, ఫైలు లోపల ఉన్నది ఇతర లిపుల సంకేతాలే. అట్టి పాఠాన్ని ఎక్స్‌ఎంఎల్‌లో చేర్చితే పార్సరు నిశ్చింతగా చదువుతుంది. ఆ ఫాంటు లేని మరొక కంప్యూటరులో మాత్రం అది అర్థంలేని అక్షరాల గుట్ట. యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 స్థానాలలోని గుర్తులే 'పేరు'లో ఉండాలని స్కీమా నిర్దేశిస్తే ఆ దోషం గడప దగ్గరే బయటపడుతుంది. పైన చెప్పిన కనబడని గుర్తు ఈ 128లో చేరదు కనుక, దానిని, ఖాళీస్థలాన్ని విడిగా అనుమతించాలని నియమకర్త గుర్తుంచుకోవాలి.

పార్సింగ్‌తోనే సరిపెట్టుకొనే ప్రోగ్రాము వల్ల వచ్చే హాని గట్టిగా తెలియాలంటే 'మార్కులు' అంశం ఖాళీగా ఉన్న పత్రాన్ని ఊహించాలి. విద్యార్థి పరీక్షకు హాజరు కాలేదో, మార్కులు ఇంకా ఎక్కించలేదో, ఎక్కించేటప్పుడు జారిపోయినవో తెలియదు. ట్యాగులు తెరచి మూసి ఉన్నాయి కనుక పత్రం సుగఠితమే. ఖాళీని సంఖ్యగా మార్చమన్నప్పుడు అజాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రాము దానిని 0 చేస్తుంది. ఆ క్షణం నుండి అది ఖాళీ కాదు, సున్న. తరువాతి ప్రోగ్రాములన్నీ దానిని విద్యార్థి సంపాదించిన సున్నగానే భావిస్తాయి. జాబితాలో "అనుత్తీర్ణత" అని అచ్చవుతుంది. ఎక్కడా ఏ యంత్రమూ దోషం చూపలేదు. స్కీమా పరిశీలన ఉన్నట్లయితే ఖాళీ విలువ పూర్ణసంఖ్య కాదని పత్రం ఆదిలోనే ఆగిపోయేది. మంచి స్కీమా ఇంకొక అడుగు ముందుకు వేసి, 0 నుండి 100 వరకు ఒక సంఖ్య గాని, "గైర్హాజరు" అనే మాట గాని తప్ప మరేదీ చెల్లదని చెబుతుంది. అప్పుడు సున్న వేరు, రాకపోవడం వేరు, తెలియకపోవడం వేరు అవుతాయి.

చదివే విధానాన్ని బట్టి కూడా అపాయం మారుతుంది. పత్రమంతటినీ చదివి వృక్షాన్ని పూర్తిగా కట్టిన తరువాతనే పని మొదలుపెట్టడం ఒక పద్ధతి. పెద్ద పత్రాలకు అంత జ్ఞాపకశక్తి చాలదు కనుక, ఒక్కొక్క అంశం ఎదురైన కొద్దీ దాని పని పూర్తిచేస్తూ పోవడం రెండవ పద్ధతి. వేయిమందికి ఉపకారవేతనం జమచేయవలసిన జాబితాను రెండవ పద్ధతిలో చదువుతున్నప్పుడు 700వ పేరు దగ్గర మూయని ట్యాగు ఎదురైతే, అప్పటికే 699 మందికి డబ్బు చేరి ఉంటుంది. జాబితాను సరిచేసి మళ్ళీ మొదటి నుండి నడిపితే ఆ 699 మందికి రెండవసారి చేరుతుంది. డబ్బుతో ముడిపడిన చోట్ల ముందుగా పత్రమంతటినీ ఒకసారి చదివి పరిశీలించి, రెండవసారి చదువుతూ పని చేయడం ఇందుకే. భారతదేశంలో 2013లో రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టిన నూతన ఆర్‌టీజీఎస్ వ్యవస్థ ఐఎస్‌ఓ 20022 అనే సందేశ ప్రమాణాన్ని స్వీకరించింది. ఆ ప్రమాణపు సందేశాలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటాయి, వాటికి స్కీమాలూ ఉన్నాయి. 2016లో వచ్చిన యూపీఐలో బ్యాంకుల మధ్య నడిచే సందేశాలను కూడా ఎక్స్‌ఎంఎల్‌లోనే రూపొందించారు. టీకొట్టులో పది రూపాయలు చెల్లించే మనిషికి ఈ ట్యాగుల సంగతి తెలియనక్కర లేదు గాని, ఆ పది రూపాయలు ట్యాగుల నడుమనే ప్రయాణం చేస్తాయి.

వ్యాలిడేషన్ ఉన్నది గదా అని పార్సింగ్‌ను తేలికగా చూడడం కూడా ప్రమాదమే. ఎక్స్‌ఎంఎల్‌లో ఒక పొట్టిపేరు పెట్టి, దానికి బదులుగా పొడవైన పాఠాన్ని చేర్చమని చెప్పవచ్చు. దుర్బుద్ధి గలవారు దీనిని ఆయుధంగా మలచుకున్నారు. మొదటి పేరుకు "నవ్వు" అని అర్థం చెబుతారు. రెండవ పేరుకు మొదటి పేరును పదిసార్లు, మూడవ పేరుకు రెండవదానిని పదిసార్లు అని తొమ్మిది మెట్లు ఎక్కిస్తారు. పత్రం పరిమాణం ఒక కిలోబైటుకు మించదు. పార్సరు దానిని విప్పబోతే నూరు కోట్ల నవ్వులు వెలువడతాయి; వాటిని మోయలేక కంప్యూటరు స్తంభించిపోతుంది. ఈ దాడికి "వంద కోట్ల నవ్వులు" అనే అర్థం వచ్చే పేరే ఉన్నది. ఇక్కడ వ్యాలిడేటరు చేయగలిగినది ఏమీ లేదు. అపకారం చదివేటప్పుడే జరిగిపోతుంది. పరిశీలన వంతు రానే రాదు. ఇట్టి పొట్టిపేర్ల ద్వారా కంప్యూటరులోని రహస్యపు ఫైళ్ళను బయటికి లాగే మరొక దాడిని ఓవాస్ప్ సంస్థ తన 2017 నాటి ముప్పుల జాబితాలో నాల్గవ స్థానంలో చేర్చింది. బయటివారి పత్రాలను చదివే పార్సరులో పొట్టిపేర్లను విప్పే సౌకర్యాన్ని ఆపివేయడమే దీనికి మందు.

పార్సరు, వ్యాలిడేటరు రెండూ సమ్మతించిన తరువాత కూడా మిగిలే ప్రశ్న ఒకటున్నది. సుజాత పుట్టిన తేదీని 2008-02-29 అని సవరిస్తే స్కీమా తృప్తి చెందుతుంది; 2008 లీపు సంవత్సరం. ఆమె నిజంగా 28న పుట్టి ఉంటే ఆ సంగతి స్కీమాకు తెలియదు. విలువ చెల్లుబాటు కావడం వేరు, నిజం కావడం వేరు. అంగారకుని వద్దకు 1998 డిసెంబరులో అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక వినాశం ఈ భేదానికి దారుణమైన నిదర్శనం. నౌకలోని చిన్న రాకెట్ల ప్రభావాన్ని భూమి మీది ఒక ప్రోగ్రాము లెక్కించి ఫైలులో వ్రాసేది. ఒప్పందం ప్రకారం ఆ విలువలు న్యూటన్-సెకన్లలో ఉండాలి. అవి పౌండ్-సెకన్లలో వెలువడ్డాయి. రెండింటి మధ్య భేదం దాదాపు 4.45 రెట్లు. ఆ ఫైలును అందుకొన్న ప్రోగ్రాము దానిని చదవగలిగింది. అందులో ఉన్నవి సంఖ్యలే. 1999 సెప్టెంబరు 23న నౌక 226 కిలోమీటర్ల ఎత్తున సాగవలసినది 57 కిలోమీటర్లకు దిగిపోయి మళ్ళీ పలుకలేదు. ఆ ఫైలు ఎక్స్‌ఎంఎల్ కాదు. అయితే నేడు అట్టి విలువలకు స్కీమా వ్రాసేవారు కొలమానాన్ని సంఖ్య ప్రక్కనే తప్పనిసరిగా పేర్కొనాలని నియమం పెట్టగలరు. పంపేవారు పౌండ్లని నిజాయితీగా వ్రాస్తే స్కీమా ఆపుతుంది. పౌండ్లలో లెక్కించి న్యూటన్లని వ్రాస్తే మాత్రం ఏ స్కీమా ఆపలేదు.

కొన్ని సంవత్సరాలుగా అనేక వ్యవస్థలు ఎక్స్‌ఎంఎల్‌ను విడిచి జేసన్ అనే తేలికైన పద్ధతికి మారాయి. భారత ఆదాయపు పన్ను శాఖ 2021లో అలా మారినదే. రూపం మారినా ఈ రెండు పరీక్షల అవసరం మారలేదు. జేసన్‌కూ పార్సరు ఉన్నది, స్కీమా ఉన్నది.

నియమాలు లేకపోవడం ఒక కీడైతే, మనుషులను ఎరుగని నియమాలు మరొక కీడు. పేరును మొదటి పేరు, చివరి పేరు అని రెండుగా విభజించి, రెండూ తప్పనిసరి అనే స్కీమాలు పాశ్చాత్య దేశాల అలవాటు నుండి వచ్చాయి. తెలుగువారిలో ఇంటిపేరు ముందు వస్తుంది; దానిని పొడి అక్షరంతో సూచించేవారే ఎక్కువ. ఇంటిపేరు వాడుకలో లేని కుటుంబాలు దక్షిణ భారతంలో కొల్లలు. అట్టి ఇంటి బిడ్డ దరఖాస్తును స్కీమా తిరస్కరిస్తే, గుమాస్తా ఖాళీ గడిలో ఒక చుక్క పెట్టి మళ్ళీ పంపుతాడు. చుక్క కూడా ఒక అక్షరమే కనుక ఈసారి స్కీమా సమ్మతిస్తుంది. ఆ చుక్క అక్కడి నుండి గుర్తింపు కార్డుకు, కార్డు నుండి ధ్రువపత్రానికి పాకుతుంది. కొన్నేళ్ళ తరువాత రెండు పత్రాలలో పేర్లు కలవడం లేదని ఎవరో ఆ బిడ్డను కార్యాలయాల చుట్టూ తిప్పుతారు. స్కీమాలో 'ఇంటిపేరు' కనీసం ఒక్కసారి రావాలన్న చోట 1ని 0గా మార్చితే ఆ అంశం ఐచ్ఛికమవుతుంది. చుక్క పెట్టవలసిన పని ఉండదు.